గేరు మారిస్తే ఇంజన్ ఆగిపోతోందా? పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

మీ ఉత్తరం అందింది. "గేరులోంచి న్యూట్రల్‌కి తెస్తే చాలు, బోటు ఇంజన్ టక్కున ఆగిపోతోంది. ప్లగ్గులు మార్చాం, కార్బురేటర్ శుభ్రం చేశాం, అయినా అంతే" అని రాశారు. ఇంజన్‌ని కాసేపు వదిలేయండి. న్యూట్రల్‌లో చక్కగా నడిచే ఇంజన్ గేరు మార్చినప్పుడే ఆగుతోందంటే ముందుగా చూడాల్సింది షిఫ్ట్ కేబుల్‌ని, అంటే గేరు మార్చే తీగని.

స్టెర్న్‌డ్రైవ్‌లో ఇంజన్ పడవ లోపల, గేర్లూ ప్రొపెల్లరూ వెనక గోడకి బయట నీళ్ళలో ఉంటాయి. ఆ బయటి భాగాన్నే డ్రైవ్ అంటారు. ఈ పద్ధతి వోల్వో పెంటా 1959లో తెచ్చిన ఆక్వామాటిక్‌తో జనంలోకి వచ్చింది. దాని వెనక ఉన్న ఇంజనీరు జిమ్ విన్. 1961లో అదే పద్ధతిలో మెర్‌క్రూయిజర్ వచ్చింది. మీ పడవకున్నది మెర్‌క్రూయిజర్ ఆల్ఫా కాబట్టి నేను చెప్పేదంతా దాని గురించే.

మీ చేతిలోని లీవర్ నుంచి గేరు దాకా రెండు కేబుళ్ళున్నాయి. మొదటిది లీవర్ నుంచి ఇంజన్ మీదున్న షిఫ్ట్ ప్లేటు దాకా వస్తుంది. రెండోది అక్కణ్ణించి వెనక గోడ గుండా బయటికి, డ్రైవ్‌లోకి వెళుతుంది. సైకిల్ బ్రేకు తీగలాగే పైన తొడుగు, లోపల తీగ. కాకపోతే ఇది లాగడమే కాదు, నెట్టాలి కూడా. ఈ రెండో కేబుల్‌కి బయట నీళ్ళు తగలకుండా రబ్బరు బెలోస్, అంటే ముడతలున్న గొట్టంలాంటి తొడుగు, ఉంటుంది. ఆ రబ్బరు చిరిగిందా, నీళ్ళు తొడుగులోకి దిగి తీగ తుప్పు పడుతుంది. అవే నీళ్ళు కేబుల్ వెంట పడవలోకీ చేరతాయి. అందుకని బెలోస్‌లో చిన్న పగులు కనబడినా తేలిగ్గా తీసుకోకండి.

ఇప్పుడు ఇంజన్ ఎందుకు ఆగుతోందో చెబుతాను. ఆల్ఫా డ్రైవ్‌లో గేరు పట్టేది పళ్ళున్న క్లచ్. ఇంజన్ బలం వాటి మీద ఉన్నంతసేపూ ఆ పళ్ళు విడివడవు. అందుకే షిఫ్ట్ ప్లేటు మీద ఓ చిన్న స్విచ్ పెట్టారు. లీవర్ కదిపినప్పుడు కేబుల్‌కి ఎదురుబలం తగిలితే ఆ స్విచ్ పనిచేసి ఇగ్నిషన్‌ని రెప్పపాటు ఆపుతుంది. బలం సడలి పళ్ళు విడిపోతాయి, స్విచ్ యథాస్థానానికి వస్తుంది, ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. కేబుల్ బిగుసుకుపోతే ఆ ఎదురుబలం తగ్గదు, స్విచ్ వెనక్కి రాదు, ఇంజన్ ఆగిపోతుంది. స్విచ్ తన పని తాను చేస్తోంది!

కొందరు ఆ స్విచ్ వైరు పీకేసి బాగుచేశామంటారు. మీరు మాత్రం ఆ పని చెయ్యకండి. పళ్ళ అంచులు అరిగిపోతాయి. కేబుల్‌తో తీరే ఖర్చు గేర్‌కేసు దాకా పోతుంది. అంతకన్నా ప్రమాదం, ఒడ్డుకి చేరే వేళ పడవ గేరులోనే ఇరుక్కుపోవడం.

ఏ కేబుల్ చెడిందో ఊహించకండి, విడదీసి చూడండి. ముందు ఇంజన్ తాళంచెవి తీసెయ్యండి, బ్యాటరీ తప్పించండి, ఇంజన్ మూత తెరిచి పెట్రోలు ఆవిరి పోనివ్వండి. షిఫ్ట్ ప్లేటు దగ్గర రెండు కేబుళ్ళూ ఊడదీసి లీవర్ కదిపి చూడండి. హాయిగా తిరిగితే మొదటి కేబుల్ మంచిదే. తర్వాత రెండోదాన్ని చేత్తో నెట్టి లాగండి. ఒకరు కదుపుతుంటే ఇంకొకరు ప్రొపెల్లర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పాలి, లేకపోతే పళ్ళు ఎదురెదురుగా ఆగి, మంచి కేబుల్ కూడా బిగుసుకున్నట్టే అనిపిస్తుంది. అయినా గట్టిగా ఉందంటే లోపం కేబుల్‌లో ఉండాలి, లేదా డ్రైవ్‌లో ఉండాలి. డ్రైవ్ దించాక అదే కేబుల్‌ని మళ్ళీ కదిపితే తేలిపోతుంది. అనుభవంలో చూస్తే చెడేది ఎక్కువగా ఈ రెండోదే.

డ్రైవ్ దించేముందు ముందుకి వెళ్ళే గేరులో పెట్టండి, ఆల్ఫాకి అది తప్పనిసరి. డ్రైవ్‌ని పైకీ కిందికీ వంచే ట్రిమ్ సిలిండర్లు విడదీసి ఆరు నట్లు తీస్తే డ్రైవ్ వస్తుంది. చాలా బరువు, కింద ఆనుగా స్టాండు లేకుండా చెయ్యి పెట్టకండి. పాత కేబుల్ బయటి వైపు, డ్రైవ్ బిగించే బెల్ హౌసింగ్ అనే లోహపు భాగంలో, ఓ బోలు నట్టుతో బిగించి ఉంటుంది. దానికి వేరే ప్రత్యేకమైన సాకెట్ ఉంది. మామూలు పానాతో కుస్తీ పడితే నట్టు చెడుతుంది, ఆ సాకెట్ కొనుక్కోండి. లోపలి కొసన ఉన్న చిన్న భాగాలు ఏ వరసలో ఉన్నాయో ఫోటో తీసుకుని అప్పుడు విప్పండి. కొత్త కేబుల్‌ని బయటినుంచి లోపలికి తోయాలి. దానితో పాటు బెలోస్ కొత్తది వేయండి, పాతది మళ్ళీ వాడకండి. నట్టు మరలకి సీలెంట్ పూయాలి, బెలోస్ క్లాంపులు రెండువైపులా గట్టిగా పట్టాలి. పడవ లోపల కేబుల్‌కి ఎక్కడా పదునైన మలుపు రాకూడదు, వేడి ఎగ్జాస్ట్‌కి ఆనకూడదు. కొత్త కేబుల్ ముందే చెడిందంటే చాలాసార్లు కారణం ఈ మలుపే.

డ్రైవ్ చేతికి వచ్చింది కదా, ఇంజన్ నుంచి డ్రైవ్‌కి వచ్చే ఇరుసుని మోసే జింబల్ బేరింగ్‌ని వేలితో తిప్పి చూడండి. గరగరమంటే ఇప్పుడే మార్చేయండి. ఆ ఇరుసు వంగే కీలుని (యూనివర్సల్ జాయింట్) కప్పే బెలోస్ లోపల తడి ఉందేమో కూడా చూడండి. డ్రైవ్ ఎక్కించేటప్పుడు గాస్కెట్ కొత్తది వేయండి.

సర్దుబాటు ముందు రెండో కేబుల్‌ది, తర్వాత లీవర్ వైపుది. కొలతలు మీ మోడల్ సర్వీసు పుస్తకంలో ఉన్నవే వాడండి. ఒక్కో గేరులోకీ పూర్తిగా పడుతోందా అన్నది ప్రొపెల్లర్ తిప్పి చూసుకోండి. సగం పట్టిన గేరు కటకటమంటూ పళ్ళు తినేస్తుంది. ఒడ్డునే, చల్లబరిచే నీటి గొట్టం తగిలించి ఇంజన్ వేసినప్పుడు ప్రొపెల్లర్ దరిదాపుల్లో ఎవరూ ఉండకూడదు.

మొదటిసారి నీళ్ళలోకి దించాక గట్టు దగ్గరే కాసేపు ఉంచి, వెనక గోడ లోపల కేబుల్ వచ్చే చోట పొడి గుడ్డతో తుడిచి చూడండి. తడి తగిలితే పడవ వెంటనే బయటికి తీసి క్లాంపు మళ్ళీ బిగించండి. ఏం తేలిందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న