‘దాన్’కు అటూ ఇటూ: ఇంగ్లిషు పోలికలపై అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో పోటీ పరీక్షలకు ఇంగ్లిషు చెబుతుంటాను. తప్పును గుర్తించే ప్రశ్నల్లో మా పిల్లలు ఎక్కువగా తడబడేది ‘దాన్’ (than, మన ‘కంటే’) దగ్గరే.

అపోహ: తెలుగులో ఆలోచిస్తాం కాబట్టే పోలికలు తప్పుతున్నాయి.

వాస్తవం: ఈ నింద తెలుగుకు తగదు. ‘ద క్లైమేట్ ఆఫ్ అరకు ఈజ్ కూలర్ దాన్ విశాఖ’ అని రాసినవారినే ఆ మాట తెలుగులో చెప్పమంటాను. ‘విశాఖలో కంటే అరకులో చల్లగా ఉంటుంది’ అంటారు. ఎవరూ నేర్పకుండానే రెండు ఊళ్లకూ ‘లో’ వచ్చి చేరింది. ఇంగ్లిషు అడిగేదీ అంతే: ‘ఇట్ ఈజ్ కూలర్ ఇన్ అరకు దాన్ ఇన్ విశాఖ’. వారు రాసిన వాక్యంలో ఒకవైపు వాతావరణం ఉంది, రెండోవైపు ఏకంగా ఊరే ఉంది. ఆ వాక్యాన్నే నిలబెట్టాలంటే ‘దాన్ దట్ ఆఫ్ విశాఖ’ అనాలి. ‘బీచెస్’ లాంటి బహువచనమైతే ‘దోజ్ ఆఫ్’. (‘అరకు చలి విశాఖ కంటే ఎక్కువ’ అని మనమూ అంటాం. వినేవారు సర్దుకుంటారు, పరీక్ష సర్దుకోదు.)

‘విశాఖ ఈజ్ బిగ్గర్ దాన్ ఎనీ సిటీ ఇన్ ఆంధ్రప్రదేశ్’ అంటే మరో చిక్కు. విశాఖ కూడా ఆంధ్రప్రదేశ్‌లోనిదే కదా, తనకంటే తానే పెద్దదా? తెలుగులో ‘మరే నగరం కంటే’ అంటాం. ఆ ‘మరే’కు సాటి ‘అదర్’. దాన్ని మాత్రం ఇంగ్లిషులో మరిచిపోతాం.

అపోహ: ‘దాన్’కు ముందూ వెనకా అవే మాటలు ఉండాలి.

వాస్తవం: ఒకే తీరు మాటలైతే చాలు. ఇటు ‘వాకింగ్’ ఉంటే అటు ‘రన్నింగ్’ ఉండాలి, ‘టు రన్’ కాదు.

అపోహ: ఇదంతా పరీక్షల పట్టింపు, అర్థమైతే చాలు.

వాస్తవం: అర్థం దగ్గరే అసలు పేచీ. ‘ఐ లైక్ మ్యాంగోస్ మోర్ దాన్ మై సిస్టర్’ అన్నాడొక విద్యార్థి. చెల్లి కంటే మామిడిపండ్లే ముద్దా, లేక వాటిపై చెల్లికున్న ఇష్టం కంటే అతనిది ఎక్కువా? చివర ‘డజ్’ చేరిస్తే చెల్లి పరువు దక్కుతుంది.

అపోహ: ‘టాలర్ దాన్ మీ’ తప్పు.

వాస్తవం: నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఇది 18వ శతాబ్దపు వ్యాకర్తల పట్టుదల. 1762 నాటి వ్యాకరణంలో రాబర్ట్ లౌత్ ‘దాన్ ఐ’ వైపే నిలబడ్డాడు. అంతకు చాలా ముందే షేక్స్‌పియర్ ‘దాన్’ తర్వాత ‘మీ’ వాడాడు. మాటల్లో నిస్సంకోచంగా ‘దాన్ మీ’ అనండి. పరీక్షలో మాత్రం ‘దాన్ ఐ యామ్’ అని క్రియతో సహా రాయండి, దిద్దేవారికి కలం ఎత్తే పని ఉండదు.