ఎస్‌ఎస్‌ఎల్‌వీ అప్పగింతకు 24 నెలలు ఎందుకు?

ఇస్రో రూపొందించిన చిన్న ఉపగ్రహాల రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ సాంకేతికతను ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) 2025 జూన్‌లో రూ.511 కోట్లకు దక్కించుకుంది. హైదరాబాద్‌లోని భారత్ డైనమిక్స్ బృందం కూడా చివరి పోటీలో ఉంది. అప్పటి నుంచి ఒక అభ్యంతరం వినిపిస్తోంది: డ్రాయింగులు సిద్ధంగా ఉన్న రాకెట్‌కు 24 నెలల శిక్షణ, ఇస్రో సాయంతో రెండు ప్రయోగాలు ఎందుకని? ఆలోగా చిన్న ఉపగ్రహాలు పెద్ద రాకెట్లలో సీటు పంచుకుని వెళ్లిపోతాయన్నది విమర్శకుల వాదన. మార్కెట్ సంగతి నిజమే.

కానీ 2022 ఆగస్టు 7న జరిగింది చూడాలి. శ్రీహరికోట నుంచి లేచిన 120 టన్నుల తొలి ఎస్‌ఎస్‌ఎల్‌వీలో మూడు ఘన ఇంధన దశలూ సరిగానే మండాయి. ఘన ఇంధనం అంటుకున్నాక మధ్యలో ఆపలేం. అందుకే వేగంలో మిగిలే తేడాను పైనున్న చిన్న ద్రవ ఇంధన విభాగం, వీటీఎం (వెలాసిటీ ట్రిమ్మింగ్ మాడ్యూల్), సరిదిద్దాలి. ఆ రోజు దానికి ఆ పని చేసే వీలే చిక్కలేదు.

రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన అదురు అంచనాను మించి, దిశానిర్దేశ పరికరాలుండే ఎక్విప్‌మెంట్ బే డెక్‌ను తాకింది. త్వరణాన్ని కొలిచే సెన్సర్లు, ఆరు యాక్సిలరోమీటర్లూ, క్షణకాలం కొలత పరిమితి దాటాయి. ఆ వెంటనే తేరుకున్నా, లోపాలు పట్టే సాఫ్ట్‌వేర్ అప్పటికే వాటిని చెడిపోయినవిగా పక్కనపెట్టేసింది. రాకెట్ సాల్వేజ్ మోడ్‌లోకి, అంటే ఆ సెన్సర్లు లేకుండా గట్టెక్కే అత్యవసర పద్ధతిలోకి జారి, ముందే లెక్కగట్టిన దారిలో గుడ్డిగా సాగింది. కావాల్సిన వేగం కన్నా సెకనుకు 56 మీటర్లు తక్కువ పడింది. 356 కి.మీ. వృత్తాకార కక్ష్యకు బదులు 356×76 కి.మీ. కక్ష్య, అంటే ఒకవైపు 76 కి.మీ. ఎత్తుకు దిగిపోయేది, దక్కింది. 76 కి.మీ. అంటే ఇంకా వాతావరణంలోనే. 135 కిలోల ఈవోఎస్-02, 750 మంది బాలికలు తయారీలో పాలుపంచుకున్న ఆజాదీశాట్, ఈ రెండు ఉపగ్రహాలూ పోయాయి.

ప్రతి భాగం విడిగా చూస్తే బాగానే ఉంది. తప్పు వాటి మధ్య దొర్లింది: అదురుకూ డెక్‌కూ, డెక్‌కూ సెన్సర్‌కూ, సెన్సర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ నడుమ. అందుకే ఒక్క మరమ్మతుతో సరిపోలేదు. రెండో దశ విడిపోయే యంత్రాంగాన్ని మార్చారు, ఎక్విప్‌మెంట్ బే నిర్మాణాన్ని సవరించారు, సాఫ్ట్‌వేర్ తర్కాన్ని తిరగరాశారు. 2023 ఫిబ్రవరి 10న రెండో ప్రయోగం 450 కి.మీ. కక్ష్యకు చేరింది. 2024 ఆగస్టు 16 నాటి మూడోదానితో అభివృద్ధి దశ ముగిసింది.

డ్రాయింగులో కొలతలుంటాయి. ఏ అదురు ఎంతసేపు ఉంటే సెన్సర్‌ను నమ్మాలో, ఎప్పుడు వదిలేయాలో తేల్చే అనుభవం పరీక్షలు చేసిన చేతుల్లో ఉంటుంది. హెచ్‌ఏఎల్ సిబ్బంది ఇస్రో సాయంతో చేసే ఆ రెండు ప్రయోగాల్లో నేర్చుకోవాల్సింది అదే. ఆ తర్వాత వచ్చే రాకెట్‌లో ఇలాంటి లోపం తలెత్తితే పట్టుకోవాల్సింది వాళ్లే.