ఖాళీ ప్లాటు, తాళం వేసిన ఇల్లు, మధ్యలో కార్పొరేటర్

కాలనీలో పక్క ప్లాటు అడవిలా పెరిగిందని, అందరూ చెత్త తెచ్చి అక్కడే పోస్తున్నారని, రాత్రిపూట పాములు గేటు దాటి లోపలికి వస్తున్నాయని కార్పొరేటర్‌కు ఫోన్ చేస్తే ముందుగా వినిపించే మాట, "ఓనర్ ఎవరండీ?" అది తెలిస్తే కార్పొరేటర్ దాకా వెళ్లే పనే లేదు. ఓనర్ అమెరికాలో ఉండొచ్చు. కాలం చేసి ఉండొచ్చు, పిల్లలు పంపకాల కోసం కోర్టు చుట్టూ తిరుగుతూ ఉండొచ్చు. ప్లాటు మూడు చేతులు మారినా సంఘం రిజిస్టర్‌లో మొదటి ఓనర్ ఫోన్ నంబరే మిగిలి ఉండొచ్చు. చివరికి కార్పొరేటరే శానిటేషన్ వాళ్లను బతిమాలి ఒక జేసీబీ, టిప్పర్ తెప్పించి శుభ్రం చేయిస్తారు. తర్వాతి వానలకు కథ మళ్లీ మొదటికొస్తుంది.

దీన్ని కార్పొరేటర్ చేతగానితనమనో, బల్దియా, అంటే నగర కార్పొరేషన్, నిర్లక్ష్యమనో తిట్టుకోవడం తేలిక. కొంత నిజం కూడా. అయితే ఈ తంతు వెనక రెండు పాత కథలున్నాయి. హైదరాబాద్‌లో ఇళ్లూ స్థలాలూ ఎందుకు ఖాళీగా పడి ఉన్నాయన్నది ఒకటి. వాటి గురించి జనం వెళ్లి అడిగే మనిషికి అధికారం ఎందుకు లేకుండా పోయిందన్నది మరొకటి.

ముందు రెండోది చూద్దాం.

హైదరాబాద్‌లో మున్సిపల్ పాలన 1869లో మొదలైంది. నిజాం దగ్గర దివాన్‌గా, అంటే ప్రధానిగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ పారిశుద్ధ్యం, రోడ్ల నిర్వహణకు ఒక శాఖ పెట్టారు. నగరాన్ని నాలుగు భాగాలుగా, శివారు చాదర్‌ఘాట్‌ను అయిదు భాగాలుగా చేశారు. అప్పటికి నగర విస్తీర్ణం 55 చదరపు కిలోమీటర్లు, జనాభా మూడున్నర లక్షలు. అజమాయిషీ అంతా కొత్వాల్‌దే, అంటే పోలీసుదే. వీధి ఊడ్చే పనీ, దొంగల్ని పట్టే పనీ ఒకే దొర కింద ఉండేవి. 1908 మూసీ వరదల తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు బస్తీలు తీసేసి, రోడ్లు వెడల్పు చేసి, కొత్త ఇళ్లు కట్టించిన ఆ బోర్డు కూడా పైనుంచి నడిచినదే.

చాదర్‌ఘాట్‌ను కలిపి 1933లో హైదరాబాద్ కార్పొరేషన్ అయింది, మరుసటి ఏడాది ఎన్నికలు జరిగాయి. 1942లో ఆ హోదా కూడా తీసేశారు. ఇప్పుడు మనం అనుకునే పద్ధతిలో పాలకమండలి ఏర్పడింది 1951లో. మాడపాటి హనుమంతరావు తొలి మేయర్. 1962లో రాణీ కుముదినీ దేవి తొలి మహిళా మేయర్ అయ్యారు. 1960లో సికింద్రాబాద్ కూడా ఇందులో కలిసింది.

ఆ తర్వాతే అసలు సంగతి. 1970లో పాలకమండలి పోయాక మళ్లీ ఎన్నికలు జరిగింది 1986లో. ఆ మండలి గడువు 1991లో ముగిస్తే, తర్వాతి ఎన్నికలు 2002లో. ఈ రెండు విరామాలే కలిపితే పాతికేళ్లు దాటుతాయి. మధ్యలో 74వ రాజ్యాంగ సవరణ వచ్చి 1993 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. అయిదేళ్ల గడువు తీరేలోపే ఎన్నికలు పెట్టాలని, వార్డు కమిటీలు ఉండాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. అయినా హైదరాబాద్ ఇంకో తొమ్మిదేళ్లు ఎదురుచూసింది. ఒక తరం మొత్తం కార్పొరేటర్ అంటే ఎవరో తెలియకుండానే పెద్దదైంది.

ఆ ఖాళీ ఏళ్లలోనే నగర నిర్వహణ ముక్కలైపోయింది. తాగునీరు, మురుగు 1989లో వాటర్ బోర్డుకు వెళ్లాయి. రోడ్లు ఊడ్చే పని 1990ల రెండో సగంలో కాంట్రాక్టర్లకు వెళ్లింది. ఇవన్నీ మంచివో చెడ్డవో వేరే చర్చ. కాంట్రాక్టు వల్ల రోడ్లు అంతకు ముందుకన్నా శుభ్రపడ్డాయని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఆ నిర్ణయాలు తీసుకునేటప్పుడు అడగడానికి కౌన్సిల్ అనేదే లేదు. 2002లో కార్పొరేటర్లు తిరిగి వచ్చేసరికి వాళ్ల కుర్చీ ఉంది, కుర్చీ ముందుండాల్సిన బల్ల లేదు.

ఇప్పుడు మొదటి కథ, స్థలాలది. ఇది పాతబస్తీలో మొదలవుతుంది.

హుస్సేనీ ఆలం, మీర్ ఆలం మండి, పురానీ హవేలీ చుట్టూ ఒకప్పుడు నవాబుల దేవిడీలు ఉండేవి. పెద్ద గేటు, లోపల ఆవరణలు, జనానా, నౌకర్ల ఇళ్లు, అన్నీ ఒకే ప్రహరీ లోపల. వాటిని నడిపింది జాగీర్ల ఆదాయం. 1948లో నిజాం రాజ్యం పోయి, 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. ఆదాయం ఆగిపోయాక ఇంత పెద్ద ఇంటికి సున్నం వేయించడం కూడా భారమే. కొన్ని కుటుంబాలు పాకిస్తాన్‌కు, ఆ తర్వాత లండన్‌కు, గల్ఫ్‌కు వెళ్లిపోయాయి. పాకిస్తాన్ వెళ్లిన వాళ్ల ఆస్తుల మీద కేంద్ర ప్రభుత్వం 1950లో ఎవాక్యూయీ ఆస్తుల చట్టం, 1968లో ఎనిమీ ప్రాపర్టీ చట్టం తెచ్చింది. ఉండిపోయిన వాళ్లలో వారసులు పెరిగారు. ఒక దేవిడీకి ఇరవై మంది వారసులుంటే అమ్మడానికి ఇరవై సంతకాలు కావాలి. పైకప్పు బాగు చేయించడానికి మాత్రం ఒక్కరూ ముందుకు రారు.

హుస్సేనీ ఆలంలోని ఖుర్షీద్ జా దేవిడీని చూసిన వాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. ఐరోపా రాజభవనాల తీరులో ఎత్తయిన స్తంభాలతో కట్టిన ఆ మేడ దశాబ్దాల పాటు కూలుతూ ఉంటే, ముందున్న మైదానంలో పిల్లలు క్రికెట్ ఆడుకున్నారు. ప్రభుత్వం చేతిలోనే ఉన్న కట్టడానికే ఈ గతి పట్టిందంటే ప్రైవేటు ఇళ్ల సంగతి ఊహించుకోవచ్చు. దివాన్ దేవిడీ స్థానంలో ఇప్పుడు దుకాణాలు, గేటు మాత్రం మిగిలింది. వారసత్వ కట్టడాలను కాపాడేందుకు ఉన్న హుడా (నగరాభివృద్ధి సంస్థ) నిబంధనను తెలంగాణ ప్రభుత్వం 2015 చివర్లో తీసేసి, 2017లో కొత్త చట్టం తెచ్చింది. మధ్యలో కాస్త సందు దొరికితే చాలు, జేసీబీలు తెల్లారేసరికి పని ముగిస్తాయి.

శిథిల భవనాల విషయంలో బల్దియాకు అధికారం లేకపోలేదు. 1955 కార్పొరేషన్ చట్టంలో 456 సెక్షన్ ఉంది. కూలేలా ఉన్న కట్టడాన్ని ఖాళీ చేయించమని, బాగు చేయమని, లేదా కూల్చమని యజమానికి నోటీసు ఇవ్వొచ్చు. ఏటా వానాకాలం ముందు టౌన్ ప్లానింగ్ వాళ్లు సర్వే చేసి నోటీసులు అంటిస్తారు. అంటించిన దాంట్లో చాలా భాగం వచ్చే ఏడాది జాబితాలో మళ్లీ కనిపిస్తుంది. కారణం చిత్రమైంది. కూలేలా ఉన్న ఇల్లు చాలాసార్లు పూర్తిగా ఖాళీగా ఉండదు. నామమాత్రపు అద్దె ఇచ్చే పాత కిరాయిదారు కింద మడిగెలో ఉంటాడు. నోటీసు వస్తే ఓనర్‌కు లోలోపల సంతోషం, కిరాయిదారుకు టెన్షన్, ఇద్దరూ కోర్టుకు. 2013 జూలైలో సికింద్రాబాద్‌లో సిటీలైట్ హోటల్ భవనం పొద్దున్నే కుప్పకూలి పదిమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లు నోటీసులు జోరుగా తిరిగాయి.

ఇక కొత్త కాలనీల ఖాళీ ప్లాట్లది వేరే దారి. 1976 పట్టణ భూ పరిమితి చట్టం హైదరాబాద్‌లో ఒక కుటుంబం దగ్గర వెయ్యి చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండకూడదంది. పేదలకు స్థలం దొరకాలన్నది ఉద్దేశం. జరిగింది వేరు. మిగులు భూమి ప్రభుత్వానిదో సొంతదారుదో తేలక ఏళ్ల తరబడి కేసుల్లో నలిగింది. కట్టుకోవడానికి వీల్లేదు, అమ్ముకోవడానికి లేదు, కంచె వేయడానికి మనసు రాదు. ఈలోగా దాన్ని ముక్కలు చేసి నోటరీ కాగితాల మీద అమ్మేసిన వాళ్లూ ఉన్నారు. కేంద్రం 1999లో ఆ చట్టాన్ని రద్దు చేసినా, రాష్ట్రం ఆ రద్దును అంగీకరించింది 2008లో. తర్వాత 2014 డిసెంబరులో 58, 59 నంబర్ల జీవోలతో ఆక్రమణలో ఉన్న స్థలాల క్రమబద్ధీకరణ.

నగరం అంచుల్లో అదే సమయంలో గ్రామ పంచాయతీ లేఅవుట్లు పుట్టుకొచ్చాయి. కుత్బుల్లాపూర్, ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి వైపు ఉద్యోగులు, టీచర్లు, గల్ఫ్‌లో పని చేసేవాళ్లు నెలవారీ వాయిదాల మీద నూటయాభై, రెండొందల గజాలు కొన్నారు. ఇల్లు కట్టుకోవాలని కొన్న వాళ్లు సగమైతే, పిల్ల పెళ్లికి పనికొస్తుందని కొన్న వాళ్లు మిగతా సగం. మన దగ్గర ప్లాటు అంటే ఇంటి జాగా కాదు, బ్యాంకు డిపాజిట్. డిపాజిట్‌కు కంచె ఎవరు వేస్తారు, కలుపు ఎవరు తీస్తారు? దానికి తోడు లేఅవుట్‌కు అనుమతి లేకపోతే కడదామన్నా పర్మిషన్ రాదు. అందుకే 2007, 2015, 2020లో మళ్లీ మళ్లీ ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకాలు. 2020లో రాష్ట్రం మొత్తం మీద పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు పడ్డాయి, చాలావరకు ఏళ్లపాటు అలాగే ఉండిపోయాయి. ఆ ఫైళ్లు కదలనంత కాలం ఆ ప్లాట్లలో సర్కారు తుమ్మ పెరుగుతూనే ఉంది.

2007 ఏప్రిల్‌లో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు పాత కార్పొరేషన్‌లో కలిపి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌ను (జీహెచ్ఎంసీ) చేసినప్పుడు ఈ ప్లాట్లన్నీ ఒక్కసారిగా బల్దియా నెత్తిన పడ్డాయి. మళ్లీ ఎన్నికలు లేకుండా రెండున్నరేళ్లు. 2009 నవంబరులో 150 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం 67 లక్షల పైచిలుకు జనం, అంటే ఒక్కో కార్పొరేటర్‌కు సగటున 45 వేల మంది. ఒక చిన్న మున్సిపాలిటీకి చైర్మన్, కౌన్సిలర్లు, కమిషనర్ కలిసి చూసుకునేంత జనాన్ని ఇక్కడ ఒక్కరు చూడాలి. 2016 నుంచి సగం డివిజన్లు మహిళలకు కేటాయించారు. గెలిచింది భార్య అయినా ఫోన్ ఎత్తేది భర్త కావడం కొన్నిచోట్ల అందరికీ తెలిసిన గుట్టే. అలా కాకుండా, పొద్దున్నే స్వచ్ఛ ఆటోల వెంట తిరిగి, నాలా పూడిక దగ్గర నిలబడి పని చేయించిన మహిళా కార్పొరేటర్లూ ఉన్నారు, వాళ్ల పేర్లే బయటికి తక్కువగా వస్తాయి.

ఎన్నికయ్యాక చేతిలో ఏముందని చూస్తే, రోడ్డు పనికి ఏఈతో (అసిస్టెంట్ ఇంజనీర్) ప్రతిపాదన పెట్టించొచ్చు, కౌన్సిల్‌లో గొంతెత్తొచ్చు, డిప్యూటీ కమిషనర్‌కు ఫోన్ చేయొచ్చు. ఉత్తర్వు ఇవ్వలేరు. వీధి దీపాలు 2017లో ఎల్ఈడీలుగా మారినప్పుడు వాటి నిర్వహణ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్‌కు పోయింది. 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లు అయిదేళ్ల ఒప్పందం మీద ప్రైవేటు ఏజెన్సీలకు వెళ్లాయి. ఖాళీ ప్లాటు ఒక్కదానికే లెక్క వేయండి. చెత్తకు శానిటేషన్, దోమలకు ఎంటమాలజీ, ప్రహరీకి టౌన్ ప్లానింగ్, నిలిచిన మురుగుకు వాటర్ బోర్డు, ఓనర్ ఆచూకీకి రెవెన్యూ. ఒక్కో శాఖ మిగతా వాటి వైపు వేలు చూపిస్తుంది. పైగా ఖాళీ ప్లాటుకు ఓటు ఉండదు. ఇబ్బంది పడే పక్కింటివాళ్లకు ఓటున్నా, 2020 డిసెంబరు ఎన్నికల్లో నగరంలో సగం మంది కూడా పోలింగ్ బూత్‌కు వెళ్లలేదు.

నాకు అన్నిటికన్నా వింతగా తోచేది పన్ను. కట్టిన ఇల్లు ఖాళీగా ఉందని దరఖాస్తు పెట్టి, అధికారులు వచ్చి చూసి నిజమేనంటే ఆస్తి పన్నులో సగం దాకా మినహాయింపు ఉంది. ఆదాయం లేని ఇంటి మీద పూర్తి పన్ను వేయడం అన్యాయమన్నది దాని వెనక వాదన, కాదనలేం. కానీ తాళం వేసిన ఇంటి ముందు చెత్త ఎత్తే ఖర్చు సగానికి తగ్గదు కదా. ఖాళీ స్థలానికి రిజిస్ట్రేషన్ విలువలో అర శాతం పన్ను ఉంది. చాలామంది దాన్ని చూసేది ఇల్లు కట్టడానికి పర్మిషన్‌కు వెళ్లినప్పుడే, బకాయిగా. బల్దియా ఆస్తి పన్ను వసూళ్లు 2024-25లో 2,000 కోట్లు దాటాయి. పన్ను కట్టమని మెసేజ్ పంపే నంబరు బల్దియా దగ్గరుంటుంది, మొక్కలు కొట్టించమని చెప్పడానికి మాత్రం ఆ నంబరు ఎవరికీ గుర్తురాదు. మినహాయింపు ఇచ్చేటప్పుడే ఇల్లు చూసుకునే స్థానిక మనిషి పేరు, ఫోన్ రాయించుకుంటే ఎంతో గొడవ తగ్గుతుందని నా అభిప్రాయం.

ప్రయత్నాలు జరగలేదనడానికి లేదు. 2015లో స్వచ్ఛ హైదరాబాద్ పేరుతో డివిజన్ల వారీగా పనులు, ఇంటికి రెండు బుట్టలు, ఆ తర్వాత స్వచ్ఛ ఆటోలు వచ్చాయి. జీడిమెట్ల, ఫతుల్లాగూడలో కూల్చివేత వ్యర్థాల ప్లాంట్లు పెట్టారు. అయినా దగ్గర్లో ఖాళీ ప్లాటు ఉన్నంతకాలం ట్రాక్టర్ డ్రైవర్ అంత దూరం వెళ్లడు. 2023 జూన్‌లో ప్రతి డివిజన్‌కు వార్డు ఆఫీసు పెట్టి అన్ని శాఖల వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాలని చూశారు. ఆలోచన సరైనదే. ఆఫీసులో కూర్చున్న ఉద్యోగికి తన శాఖ పైఅధికారి చెప్పిందే వేదం కావడంతో అది బోర్డు దగ్గరే ఆగింది. 2024 జూలైలో వచ్చిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ పార్కులు, లేఅవుట్ రోడ్లు, చెరువుల కబ్జాల మీద పడింది. కాలనీ సంఘాలు ఇప్పుడు పార్కు స్థలం కోసం కార్పొరేటర్‌ను దాటేసి నేరుగా అక్కడికే వెళ్తున్నాయి. ప్రైవేటు ఖాళీ ప్లాటు నిర్వహణ మాత్రం దాని పని కాదు.

2021 ఫిబ్రవరిలో కొలువుదీరిన పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరితో తీరింది. అంతకు ముందే, 2025 చివర్లో, ఔటర్ రింగు రోడ్డు చుట్టూ ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను బల్దియాలో కలిపి వార్డులను 300 చేశారు. తుక్కుగూడ, ఆదిభట్ల, ఘట్‌కేసర్, దుండిగల్ లాంటి చోట్ల ఇళ్ల కంటే హద్దురాళ్లే ఎక్కువ కనిపించే వెంచర్లు బోలెడు. వాటిలో చాలా ప్లాట్లు ఎల్ఆర్ఎస్ కోసం ఎదురుచూస్తున్నవే. అక్కడ గెలిచే కొత్త కార్పొరేటర్లకు వచ్చే ఫోన్లు కుత్బుల్లాపూర్, ఉప్పల్ కార్పొరేటర్లకు 2009లో వచ్చినవాటికి పెద్ద తేడాగా ఉండవు. చట్టం కూడా అదే, 1955 నాటిదే.