‘లోపం కనబడలేదు’ అన్న రిపోర్టు వెనక కథ

జన్యు పరీక్షలో ఏ లోపమూ లేదని తేలిన మనిషికే, కొన్నేళ్ల తర్వాత మరో పరీక్షలో వంశపారంపర్య నరాల జబ్బు బయటపడితే తప్పెవరిది? బెంగళూరులో వైద్యం కోసం తిరిగే అనంతపురం, చిత్తూరు కుటుంబాల్లో ఈ ప్రశ్న మళ్ళీ లేచింది. డీఎన్‌ఏ కథ మొదటినుంచీ చెప్పనక్కరలేదు. చూడవలసింది ఎక్సోమ్ అనే జన్యు పరీక్ష వచ్చిన మలుపు.

నడక తూలేలా చేసే వంశపారంపర్య నరాల జబ్బు ఫ్రీడ్రైక్ అటాక్సియాకు కారణమైన జన్యువు 1996లో తెలిసింది. అందులో జీఏఏ అనే మూడు డీఎన్‌ఏ అక్షరాల ముక్క మామూలుగా ముప్పై సార్లు దాటదు, రోగుల్లో వందలసార్లు తిరిగి తిరిగి వస్తుంది. అప్పట్లో వైద్యుడు నడక చూసి ఫలానా జన్యువని అనుమానించేవాడు, ల్యాబు ఆ ఒక్కచోటే లెక్కపెట్టేది. ఆలస్యమయ్యేది, కానీ వెతుకుతున్నదేమిటో తెలిసేది.

2010 తర్వాత సుమారు 20,000 జన్యువులను ఒకేసారి చదివే ఎక్సోమ్ పరీక్ష వ్యాపించింది. దానితో ఎన్నో జబ్బుల గుట్టు తెలిసిన మాట నిజం. అయితే అది ప్రొటీన్లకు సంబంధించిన భాగాన్నే, అంటే మొత్తం డీఎన్‌ఏ అయిన జీనోమ్‌లో రెండు శాతం లోపే చదువుతుంది. జీఏఏ పునరావృతం ఆ భాగానికి బయట ఉంది. పైగా చదివేది దాదాపు 150 అక్షరాల తునకల్లో. రామకోటి పుస్తకాన్ని చింపి, నాలుగు ముక్కలు చేతికిచ్చి, నామం ఎన్నిసార్లు రాశారని అడిగితే ఎవరు చెప్పగలరు?

2019లో ఆర్‌ఎఫ్‌సీ1, 2023లో ఎఫ్‌జీఎఫ్14 జన్యువుల్లో ఇలాంటి పునరావృతాలే బయటపడ్డాయి. నడివయసు దాటాక తూలే ఎందరికో కారణం అక్కడ దొరికింది. పాత రిపోర్టుల మీద అనుమానం అప్పుడే బలపడింది.

పరీక్ష పరిమితులను చివరి పేజీలో రాస్తున్నామన్నది ల్యాబుల వాదన. రాస్తారు, ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. కూతురికి మేనరికం కుదుర్చుకునే తండ్రి ‘లేదు’ అన్న ఒక్క మాటే చదువుకుంటాడు. ఫ్రీడ్రైక్ లోపం తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆ తండ్రికి ఈ సంగతి ఎవరు చెప్పారు?

దారి లేకపోలేదు. ట్రిప్లెట్ ప్రైమ్‌డ్ పీసీఆర్ అనే పరీక్ష పునరావృతం పెరిగిందో లేదో పట్టిస్తుంది. పొడవాటి తునకలను చదివే లాంగ్ రీడ్ సీక్వెన్సింగ్ మొత్తం వరసను ఒక్క చదువులో చూపగలదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) ప్రాంగణంలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ సమన్వయంతో 10,000 మంది భారతీయుల జీనోమ్‌లు చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందింది. మన జనాభాలో మామూలు తేడా ఏదో, జబ్బు తేడా ఏదో విడదీయడానికి అది పనికొస్తుంది. పాత రిపోర్టులు పట్టుకున్న కుటుంబాలను వెనక్కి పిలిచి మళ్ళీ పరీక్షించే ఖర్చు ఎవరిదన్నదే ఇప్పుడు తేలవలసింది.