ఈల ఎక్కడ పుడుతుంది? కొన్ని అపోహలు, వాస్తవాలు

వేణువులు తయారుచేస్తానని తెలియగానే చాలామంది "ఏ వెదురు వాడతారు?" అని అడుగుతారు. ఊదే రంధ్రం అంచు ఎలా చెక్కుతారని అడిగేవాళ్లు అరుదు. ఈల రహస్యమంతా ఆ అంచు దగ్గరే ఉంది.

అపోహ: వేణువు గొట్టం కంపించి నాదం పలుకుతుంది.

వాస్తవం: పలికేది లోపలి గాలి. పెదవుల మధ్య నుంచి పల్చటి రేకులా వచ్చిన ఊపిరి ఎదుటి అంచుకు తగిలి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి ఊగుతుంది. ఆ ఊపును గొట్టంలోని గాలి అందుకుని, తన పొడవుకు తగ్గ లయలోకి తెచ్చుకుంటుంది. 440 హెర్ట్జ్ స్వరమైతే సెకనుకు 440 ఊపులన్నమాట! అంచు మీద సన్నని పీచు లేచి ఉన్నా నాదంలో బుస వినిపిస్తుంది. ఉప్పుకాగితంతో దాన్ని తీసేస్తే స్వరం తేటపడుతుంది.

మరి వెదురు మాటేమిటి? 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త వెండి, రాగి, కర్ర ఫ్లూట్లకు ఒకే రకం ముఖభాగం అమర్చి పరీక్షించాడు. విన్నవాళ్లూ ఊదినవాళ్లూ తేడా పట్టలేకపోయారు. నేను మంచి వెదురు ఏరుకునేది లోపలి నునుపు కోసం, పగలకుండా ఉండడం కోసం.

అపోహ: రెఫరీ విజిల్లో మోగేది గోళీ.

వాస్తవం: గోళీ తీసేసినా విజిల్ మోగుతుంది, కాకపోతే ఒకే తీరుగా. గోళీ గాలి దారికి మాటిమాటికీ అడ్డుపడడం వల్లే ఆ గరగర. 1987లో వచ్చిన ఫాక్స్ 40 అనే విజిల్లో గోళీయే లేదు. దగ్గరదగ్గర స్థాయుల్లో పలికే మూడు గాలి గదులు కలిసి అలాంటి గరగరనే పుట్టిస్తాయి.

అపోహ: ఈదురుగాలికి కరెంటు తీగ ఊగి ఈల వేస్తుంది.

వాస్తవం: తీగ కదలకపోయినా ఈల వస్తుంది. తీగ వెనక గాలి సుడులు ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి విడివడతాయి. గాలి వేగాన్ని తీగ మందంతో (మందాన్నీ మీటర్లలోకి మార్చి) భాగించి, 0.2తో గుణిస్తే స్వరం స్థాయి దాదాపుగా తెలుస్తుంది. 3 మిల్లీమీటర్ల తీగకు సెకనుకు 10 మీటర్ల గాలి తగిలితే సుమారు 670 హెర్ట్జ్. 1878లో స్ట్రౌహాల్ అనే చెక్ భౌతిక శాస్త్రవేత్త కొలిచి చూపిన సంగతిది. తీగ సొంత కంపనం కూడా దానితో కలిస్తే మోత పెరుగుతుంది.

కిటికీ సందు ఈల వేస్తుంటే చెక్క మార్చనక్కర్లేదు. గాలి తగిలే పదునైన అంచు మీద మెత్తటి టేపు అంటించి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది.