స్టాంపు పేపరు మీద విడాకులు రావు: ఓ లాయరు చెప్పే అపోహలు - వాస్తవాలు

ఫ్యామిలీ కోర్టు కేసులు చూసే నా దగ్గరికి చాలామంది ఓ ప్లాస్టిక్ కవర్ పట్టుకుని వస్తారు. లోపల ఓ స్టాంపు పేపరు, దాని మీద రెండు వైపుల పెద్దమనుషుల సంతకాలు. దానితోనే మొదలుపెడతాను. ఇక్కడ చెప్పేదంతా హిందూ వివాహ చట్టం, 1955 కింద జరిగిన పెళ్లిళ్ల గురించి. ముస్లింలకు, క్రైస్తవులకు చట్టాలు వేరు.

అపోహ: పెద్దల్లో రాసుకున్నాం, విడాకులు అయిపోయినట్టే

కాలేదు. పెళ్లిని రద్దు చేసేది కోర్టు డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు, ఒక్కటే. నోటరీ ముద్ర కొట్టించినా ఆ కాగితం డిక్రీ కాదు. కొన్ని కులాల్లో ఆచారం ప్రకారం విడిపోయే పద్ధతి ఉంది, చట్టంలోని 29(2) సెక్షన్ దాన్ని గుర్తించింది కూడా. అయితే ఆ ఆచారం తరతరాలుగా నడుస్తోందని సాక్ష్యాలతో నిరూపించాలి. "మా వాళ్లలో అంతేనండి" అంటే కోర్టు వినదు.

ఒకాయన ఇలాంటి కాగితాన్ని నమ్ముకుని రెండో పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు పిల్లలు పుట్టాక మొదటి భార్య కేసు వేసింది. చట్టం లెక్కలో మొదటి పెళ్లి ఇంకా ఉన్నట్టే, రెండోది చెల్లదు. భార్య ఉండగా మళ్లీ పెళ్లాడితే ఏడేళ్ల దాకా జైలు. "ఇందులో నా తప్పేముంది మేడమ్?" అని ఆ రెండో ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

అపోహ: ఏళ్లుగా విడిగా ఉంటే విడాకులు వాటంతటవే వస్తాయి

పదేళ్లు పుట్టింట్లో ఉన్నా రావు. కారణం లేకుండా రెండేళ్లు వదిలేస్తే అది విడాకులు అడగడానికి ఆధారం అవుతుంది, అంతవరకే. పిటిషన్ వేయాల్సిందే. కాపురం బాగుపడే ఆశ లేదన్న ఒక్క కారణంతో ఫ్యామిలీ కోర్టు విడాకులు ఇవ్వలేదు. రాజ్యాంగంలోని 142వ అధికరణ కింద ఆ అధికారం తనకుందని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. అది సుప్రీంకోర్టు వరకే.

అపోహ: అమెరికా కోర్టు ఇచ్చిందిగా, ఇక్కడా చెల్లుతుంది

ఎన్నారై సంబంధాల్లో ఇది తరచూ వింటాను. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఓ జంట విషయంలో భర్త మిస్సౌరీ కోర్టులో డిక్రీ తెచ్చుకుని, యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. మన చట్టంలో లేని కారణం మీద ఇచ్చారు, భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోలేదు. ఇద్దరూ ఇష్టపడి అక్కడ విడిపోతే సంగతి వేరు.

అపోహ: మ్యూచువల్‌లో (ఇద్దరి ఇష్టంతో తీసుకునే విడాకులు) ఇద్దరూ సంతకం పెడితే అయిపోయినట్టే

పిటిషన్ వేసేనాటికి ఏడాదిగా విడిగా ఉండాలి. ఆ తర్వాత ఆరు నెలలు ఆగాల్సిన గడువు. తగిన కేసుల్లో కోర్టు దీన్ని మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, అడగ్గానే ఇచ్చేస్తారని కాదు. అసలు మెలిక ఇంకోచోట ఉంది. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. అందుకే నేను మాట్లాడుకున్న డబ్బు మొత్తం మొదటి రోజే ఇవ్వొద్దని భర్త వైపు వాళ్లకి చెబుతాను. రాబోయే తేదీ వేసిన చెక్కు నమ్మి ఆఖరి సంతకం పెట్టొద్దని, డీడీ చేతికొచ్చాకే పెట్టమని భార్య వైపు వాళ్లకి చెబుతాను.

అపోహ: భర్త ఆస్తిలో సగం భార్యది

మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఆమెకు వచ్చేది భరణం. అది నెలనెలా కావచ్చు, ఒకేసారి కావచ్చు. దాంతోపాటు ఆమె స్త్రీధనం. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం ఆమెవే. అత్తగారి లాకర్లో ఉన్నంత మాత్రాన అత్తగారివి అయిపోవు. ఉద్యోగం చేసే భార్యకు భరణం రాదన్నదీ పూర్తి నిజం కాదు. ఆమె జీతం, అతని జీతం, పిల్లల ఖర్చు కలిపి చూస్తారు. 2020 నుంచి ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. కేసు పడగానే ఉద్యోగం మానేసి "నాకేం లేదు" అంటే కోర్టులు నమ్మడం తక్కువ.

ఇద్దరి పేర్ల మీదా ఇంటి లోన్ ఉంటే ఇంకో తలనొప్పి. "ఈఎంఐలు ఆయనే కడతాడు" అని రాజీలో రాసుకున్నా బ్యాంకుకు అది పట్టదు. కట్టకపోతే ఇద్దర్నీ అడుగుతుంది. లోన్ ఒకరి పేరుకు మారాకే ముందుకెళ్లండి.

అపోహ: మగపిల్లాడు తండ్రికే

ఐదేళ్ల లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉంటారు. ఆపైన మగా ఆడా తేడా లేదు, పిల్లల మేలే చూస్తారు. "పిల్లాడి ఖర్చు అడగను" అని తల్లి రాసిచ్చినా పిల్లాడి హక్కు పోదు, అది అతనిది.

ఫీజుకు భయపడి ఆగిపోయిన ఆడవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు. ఆదాయం ఎంతున్నా మహిళలకు అక్కడ లాయరు ఉచితం. వెళ్లేటప్పుడు శుభలేఖ, పెళ్లి ఫోటోలు, బంగారం బిల్లులు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు పట్టుకెళ్లండి. ఆ స్టాంపు పేపరు ఉంటే అదీ పట్టుకెళ్లండి, అందులో ఏం ఒప్పుకుని సంతకం పెట్టారో లాయరు ముందు చదవాలి.