ఆషాఢం ఆదివారాలు: ఇంటి ఫొటోల మీద అపోహలు - వాస్తవాలు

ముహూర్తాలున్న నెలల్లో నాకు ఆదివారం ఉండదు. రాత్రంతా పెళ్ళి, తెల్లారితే అప్పగింతలు, మధ్యాహ్నానికి ఇంకో ఊళ్ళో పెళ్ళికూతుర్ని చెయ్యడం. ఆషాఢం వచ్చిందా, పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ అంత ఖాళీ మనిషి విజయనగరం మొత్తం వెతికినా దొరకడు. శనివారం రాత్రి బ్యాటరీలు ఛార్జింగుకి పెట్టే పని లేదు. ఆదివారం పొద్దున్నే లుంగీ కట్టుకుని అరుగు మీద కూర్చోవడమే. గంటస్తంభానికి నడిచి వెళ్ళేంత దూరంలో మా వీధి. అరుగు మీద దొరికిన ఫొటోగ్రాఫర్ని వీధి ఊరికే వదులుతుందా? "ఏ ఫోను కొనమంటావు బాబూ?" అని ఒకరు, "మా గుంటడి ఫొటోలన్నీ మసగ్గా వస్తన్నాయేటి?" అని ఇంకొకరు. నాన్న స్టూడియోలో డార్క్‌రూమ్‌కి నీళ్ళ బకెట్లు మోసిన రోజుల నుంచీ వింటున్నాను. కెమెరాలు మారాయి గానీ నమ్మకాలు పెద్దగా మారలేదు.

అపోహ: మెగాపిక్సెళ్ళు ఎక్కువుంటే ఫొటో బాగా వస్తుంది

ముందు లెక్క చూద్దాం. మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. ఆల్బమ్‌లో పెట్టుకునే 4×6 ప్రింటుకి అంగుళానికి 300 చుక్కల చొప్పున 1200×1800, అంటే సుమారు 22 లక్షల చుక్కలు చాలు. రెండు మెగాపిక్సెళ్ళ చిల్లర. గోడకి తగిలించే 12×18 ఫ్రేముని ఎవరూ ముక్కు ఆనించి చూడరు కాబట్టి అంగుళానికి 200 వేసుకున్నా 86 లక్షలే. పెట్టె మీద 108 అని రాసున్న ఫోను కూడా మామూలుగా తొమ్మిదేసి చుక్కల్ని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ళ ఫొటోనే ఇస్తుంది. 50 అని రాసున్నది నాలుగేసి కలుపుతుంది.

మసక సంగతంటారా, పదిలో ఎనిమిదిసార్లు లెన్సు మీద వేలిముద్ర. చపాతీ పిండి, కొబ్బరినూనె, జేబులోని దుమ్ము అన్నీ అక్కడే చేరతాయి. దీపం చుట్టూ పొగలా కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. ఉతికిన నూలు గుడ్డతో తుడవండి. నేను అడిగినవాళ్ళ ఫోను చేతిలోకి తీసుకుని ముందు చేసే పని అదే. సగం మంది అక్కడితో థాంక్స్ చెప్పి వెళ్ళిపోతారు.

అపోహ: ఎండ బాగా కాస్తే ఫొటో బాగా పడుతుంది

ఇది నాన్నగారి కాలం నాటిది. వెలుగుని మెల్లగా పట్టే స్లో ఫిల్ముకి ఎండ బాగా కావాల్సివచ్చేది, అప్పటికి అది నిజమే. ఇప్పటి ఫోనుకి వెలుగు ఎంతుందన్న దానికంటే ఎటునుంచి వస్తోందన్నదే ముఖ్యం.

మన ఊరు భూమధ్యరేఖకి ఉత్తరాన 18 డిగ్రీల మీద ఉంది. మే రెండో వారం చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు. కరెంటు స్తంభం నీడ దాని పాదాల దగ్గరే ముడుచుకుపోతుంది. ఆ పూట ఎవర్ని నిలబెట్టి తీసినా కళ్ళ గుంటల్లో, ముక్కు కింద నల్లటి మచ్చలే. అక్కణ్ణుంచి జూలై ఆఖరు దాకా సూర్యుడు మనకి ఉత్తరానే తిరుగుతాడు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా.

"ఉత్తరపు కిటికీ వెలుగు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది" అని ఫొటోగ్రఫీ నేర్పేవాళ్ళు చెప్పే మాట చలిదేశాల్లో పుట్టినది. అక్కడ సూర్యుడు ఏ నెలలోనూ మిట్టమధ్యాహ్నం ఉత్తరానికి రాడు. నేనూ చాన్నాళ్ళు నమ్మాను. మాది ఉత్తరం ముఖం ఇల్లే. ఆషాఢంలో మబ్బు విడిచిన పూట మా అరుగు మీద ఎండ చుర్రుమంటుంటే ఇదేమిటా అనుకునేవాణ్ణి. ఎదురు వరస ఇళ్ళు దక్షిణం ముఖం. వాటి అరుగుల మీద ఆ నెలంతా నేరుగా ఒక్క కిరణం పడదు. వీధిలోంచి, ఆకాశంలోంచి చెదిరొచ్చిన వెలుగు మాత్రమే ఉంటుంది, పల్చటి పంచెలోంచి వడగట్టినట్టు. దక్షిణం ముఖమని ఆ ఇళ్ళకి అద్దెకి రావడానికి జనం వెనకాడతారు. నాకైతే ఆషాఢంలో అది అద్దె లేని స్టూడియో.

అరసవల్లిలో ఏటా మార్చిలో రెండు రోజులు, అక్టోబరులో రెండు రోజులు పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద పడతాయని మనవాళ్ళు చీకటితోనే వెళ్ళి క్యూలో నిలబడతారు. ఏడాదికి రెండుసార్లు ఎందుకంటే, సూర్యుడు ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి తిరిగొస్తూ ఒకసారి తూర్పున అదే చోటు నుంచి లేస్తాడు గనక. మీ ఇంటి గుమ్మంలోనూ అంతే. మా వంటింటి గూట్లో ఉప్పు జాడీ మీద ఎండ పడే రోజులు నాకు తెలుసు. మీ ఇంట్లో ఏ నెలలో ఏ గోడ వెలుగుతుందో ఒక ఏడాది గమనించి చూడండి, కొత్త లెన్సు కొన్నంత పని.

అపోహ: ఇంట్లో, వీధిలో తీయడానికేముంది? అరకో, భీమిలో వెళ్ళాలి

ఈ మాట అన్నవాళ్ళకి నేను ఎదురింటి మామ్మ ఫొటో చూపిస్తాను. పోయిన ఆషాఢంలో ఆదివారం ఎనిమిదింటికి గుమ్మంలో పీట వేసుక్కూచుని చేటలో బియ్యం ఏరుతోంది. "తియ్యకురా, జుట్టు సూడు ఎలాగుందో" అంది. అంటూనే ఏరుతోంది.

నేను చేసినవి మూడే పనులు. లోపల ట్యూబ్‌లైటు ఆపించాను. ఎందుకంటే పగటి వెలుగు ఒక రంగు, లైటు వెలుగు ఇంకో రంగు. రెండూ కలిస్తే మొహం ఒక చెంప ఒక రంగులో, ఇంకో చెంప ఇంకో రంగులో వస్తుంది. పీటని గడపకి జానెడు లోపలికి జరపమన్నాను, నెత్తి మీద పడే ఆకాశపు వెలుగుని పైకప్పు కొంత ఆపుతుందని. ఇక ఆవిడ పక్కనున్న పసుపుపచ్చ ప్లాస్టిక్ బకెట్టు తీసి దూరంగా పెట్టాను. పెద్ద రంగు ఏది పక్కనున్నా చర్మం మీదికి ఎక్కుతుంది. పసుపు గోడకి ఆనించి కూర్చోబెడితే నిక్షేపంలాంటి మనిషికి కామెర్లు వచ్చినట్టుంటుంది.

నాలుగోది నేను చేసింది కాదు. చేటనిండా బియ్యం. తెల్లటి బియ్యం వీధి వెలుగుని పట్టి కింద నుంచి ఆవిడ మొహం మీదికి కొడుతున్నాయి. గడ్డం కింద ముడతలు, ముక్కుపుడక కింది అంచు, రెప్పల కింద నీడ, అన్నీ విచ్చుకున్నాయి. స్టూడియోలో ఆ పనికి వెండిరంగు రిఫ్లెక్టరు డబ్బు పోసి కొన్నాను. మామ్మ రాయి ఏరడానికి చేట ఎత్తినప్పుడల్లా మొహం వెలుగుతోంది, దించగానే తగ్గుతోంది. ఎత్తినప్పుడు నొక్కాను.

ఒక జాగ్రత్త. దగ్గరికి పోకండి. చెయ్యి చాపినంత దూరం నుంచి తీస్తే ముక్కు ఉబ్బి చెవులు వెనక్కి పోతాయి. ఆ తప్పు లెన్సుది కాదు, దూరానిది. ఐదారడుగులు వెనక్కి జరిగి, ఫోనులో దూరాన్ని దగ్గరగా చూపే జూమ్ లెన్సు విడిగా ఉంటే దానికి మార్చండి. వేళ్ళతో సాగదీసే జూమ్ మాత్రం చాలావరకు కత్తిరింపే, ఆ పని తర్వాత ఇంట్లో కూర్చుని కూడా చేసుకోవచ్చు.

అపోహ: చెప్పకుండా తీస్తేనే సహజంగా వస్తుంది

చెప్పకుండా తీస్తే తిట్లు సహజంగా వస్తాయి. మా వీధికి తోపుడుబండి మీద కూరలు తెచ్చే అప్పని నేను ముందు అడిగాను. మొదటి పది ఫొటోల్లో పోలీసు స్టేషన్లో నిలబడ్డట్టుంది. పావుగంట పోయాక నా సంగతి మరిచిపోయి బెండకాయ విరిచి చూసే ఆవిడతో పోట్లాడటం మొదలెట్టింది. మనకి కావలసింది ఆ పోట్లాటే. తీసిన ఫొటో ప్రింటు ఇచ్చారంటే మళ్ళీ ఆదివారం అడగకుండానే నవ్వుతారు. పిల్లల్ని తీసేముందు ఇంట్లోవాళ్ళని అడగండి, పదిమందిలో పెట్టేముందు మరోసారి అడగండి. ఫోను సెట్టింగుల్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఆ ఫొటో ఫైలులో ఇంటి చిరునామా దాదాపు రాసున్నట్టే.

అపోహ: ముగ్గురు కలిసి ఫొటో దిగితే ఒకరు పోతారు

నాన్న దీన్ని వాదించి గెలవలేదు, వ్యాపారం తెలివితో గెలిచారు. కౌంటరు కింద ఒక ప్లాస్టిక్ బొమ్మ ఉండేది. ముగ్గురొస్తే మధ్యలోవాళ్ళ చేతిలో దాన్ని పెట్టేవారు, నలుగురైనట్టు లెక్క. మా ఊళ్ళో సగం మంది పాత ఫొటోల్లో ఆ బొమ్మ ఉంది. ముగ్గురిలో ఎవరో ఒకరు ముందు పోవడం ఫొటో దిగకపోయినా తప్పదు కదా అంటే ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు.

అపోహ: ఫ్లాష్ పడితే పసిపిల్లల కళ్ళు పోతాయి

మామూలు కెమెరా ఫ్లాష్ వల్ల పిల్లల చూపు దెబ్బతినదు. ఉలిక్కిపడతారు, ఏడుస్తారు, అంతే. నేను బారసాలల్లో ఫ్లాష్ వాడను, కారణం మొహం పిండిముద్దలా వస్తుందని.

కానీ ఫ్లాష్ ఫొటోలో ఒకటి చూడాలి. కంటిపాప ఎర్రగా రావడం మామూలే, అది లోపలి రక్తనాళాల రంగు. ఒక కన్ను ఎర్రగా, రెండోది తెల్లగా మెరుస్తూ వస్తే, అదీ ఒకటికి రెండు ఫొటోల్లో కనబడితే, పాపని కంటి డాక్టరుకి చూపించండి. పక్క నుంచి తీసిన కోణం వల్ల ఊరికే అలా పడి ఉండొచ్చు. శుక్లం కావొచ్చు, అరుదుగా రెటీనాలో కేన్సరు గడ్డ కూడా కావొచ్చు, దాన్ని తొందరగా పట్టుకుంటేనే మేలు. ఫొటోగ్రాఫర్లం మేం ఆ తెల్ల మెరుపుని కంప్యూటర్లో నల్లగా దిద్దేసి ఇచ్చేస్తాం. దిద్దే ముందు ఆ తల్లిదండ్రులకి ఒక మాట చెప్పాలని తోటివాళ్ళకి నా మనవి.

అపోహ: బీరువాలో పెడితే కెమెరా, ఆల్బమూ భద్రం

చెమ్మ ఊరు మనది. తోలు సంచిలో బిగించి బీరువాలో తోసేస్తే వానలు వెలిసేసరికి లెన్సులో సాలెగూడులా బూజు. కలరా ఉండలు పురుగుల్ని ఆపుతాయి గానీ చెమ్మని పీల్చవు. గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, వారానికోసారి తీసి వాడండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి పోయాక మా షాపుకి గోనెసంచుల్లో ఆల్బములు వచ్చాయి. ఎండలో ఆరబెట్టి తెచ్చినవి ఇటుకల్లా అతుక్కుపోయాయి, వాటిలో ఎక్కువ శాతం పోయాయి. తడిగా తెచ్చినవాళ్ళవే దక్కాయి. శుభ్రమైన చన్నీళ్ళలో ఉంచి మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరేశాం. ఇంటికి నీళ్ళొస్తే గుర్తుంచుకోండి, తడిసిన ఫొటో కంటే తడిసి అతుక్కుని ఎండిన ఫొటోతోనే తంటా.

అపోహ: ఫోన్లో బోలెడున్నాయి, ఎప్పుడైనా తీసుకోవచ్చు

నా దగ్గరకి అర్జెంటుగా వచ్చే పనుల్లో పెళ్ళి పత్రికకి ఫొటో ఒకటి, పోయినవాళ్ళకి ఫ్రేము ఒకటి. రెండోదానికి వచ్చేవాళ్ళు కళ్ళు వాచిపోయి ఆధార్ కార్డు చేతిలో పెడతారు. ఫోను నిండా బిర్యానీలు, గుడ్ మార్నింగులు, పోయినావిడ వెనక వరసలో సగం కనిపించే పెళ్ళి ఫొటో ఒకటి. ఆధార్ మీది గోరంత బొమ్మని గోడంత చెయ్యాలి. లేని చుక్కలు ఎక్కడి నుంచి తేను? ఈమధ్య మొహాలు స్పష్టం చేసే యాప్‌లు వచ్చాయి. అవి ఉన్నదాన్ని బయటికి తీయవు, ఉండొచ్చనిపించేదాన్ని గీస్తాయి. ఒకసారి అలా చేసిస్తే ఆ ఇంటి కూతురు చూసి, "బాగుందన్నా, కానీ మా అమ్మ కాదు" అంది. డబ్బు తీసుకోలేదు. మళ్ళీ మసకదే ఇచ్చాను.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగి చిక్కిపోతుంది. ఫైలు చెక్కుచెదరకుండా వెళ్ళాలంటే డాక్యుమెంటుగా పంపండి. ఏడాదికి ఓ ఇరవై ఫొటోలు ఎంచి ప్రింటు వేయించండి. వెనక బాల్‌పెన్‌తో నొక్కి రాయకండి, గీతలు ముందుకి తేలతాయి. సన్నటి మార్కరుతో అంచు మీద మెల్లగా రాసి, ఆరాక ఆల్బమ్‌లో పెట్టండి.

మామ్మకి బియ్యం ఏరే ఫొటో ప్రింటు వేసి ఇస్తే పెదవి విరిచింది. "ఇదేటి, దండెయ్యడానికైనా పనికిరాదు" అంది. మరుసటి ఆదివారం పట్టుచీర కట్టి, పౌడరు అద్దుకుని, కుర్చీ తెప్పించుకుని బిగదీసుకు కూర్చుంది. అదీ తీశాను. రెండింటి వెనకా పేరు రాసి, ఎప్పుడు పుట్టావు మామ్మా అని అడిగాను.

"నాకేటి తెల్సు? తుపానొచ్చిన ఏడు మా అమ్మ కడుపుతో ఉందంట. అదే రాయి."

"ఏ తుపాను?"

"పెద్దదిరా."

అదే రాశాను.